పైపు కన్నం మూయకండి

(నాందేడ్ కార్మికుల సభలో యూనియన్ కార్యదర్శి చేసిన ప్రసంగం)



ఉస్మాన్‌షాహీ మిల్లు భోంగా విని పనికి పోయిన కుటుంబాలు మనవి. ఆ మిల్లు మూతపడ్డది. ఇప్పుడు మన పిల్లలు షోలాపూరు, ఇచల్‌కరంజి, సూరతు రంగుల ఖాతాల్లో పని చేస్తున్నారు. అందుకే ఈరోజు జీతాల సంగతి కాసేపు పక్కన పెట్టి ఒక పైపు సంగతి చెబుతాను.

ఆసిడ్, హైపో పోయే ఉక్కు పైపు త్వరగా తినేస్తుంది. ఉత్త ప్లాస్టిక్ పైపు వేస్తే వేడికీ ఒత్తిడికీ ఆగదు. కాబట్టి కోటుకు అస్తరు వేసినట్టు ఉక్కు పైపు లోపల ప్లాస్టిక్ పైపు దూరుస్తారు. కాస్త లావు పైపును ఇరుకు అచ్చులోంచి లాగి సన్నం చేసి లోపలికి పంపే పద్ధతి ఒకటి ఉంది. లాగుడు వదలగానే అది మళ్లీ ఉబ్బి ఉక్కును గట్టిగా అంటుకుంటుంది. అస్తరు ఏదో అడగండి. హెచ్‌డీపీఈ అయితే సుమారు 60 డిగ్రీల వరకే నమ్మాలి, మరిగే నీళ్ల లైనుకు అది పనికిరాదు.

ఇక అసలు మాట. ఆ ఉక్కు పైపుకు ఫ్లాంజి దగ్గర చిన్న కన్నం ఉంటుంది. అది లోపం కాదు, కావాలని పెట్టిందే. ప్లాస్టిక్‌లోంచి ఊరే గ్యాసు అందులోంచి బయటికి పోవాలి. అస్తరు చిరిగితే అక్కడే చుక్క కనబడుతుంది.

నేను బ్లీచింగ్ ఖాతాలో ఉన్నప్పుడు అలాంటి చుక్క చూసి, మిస్త్రీ చెప్పాడని చెక్క మేకు కొట్టాను. కారడం ఆగిందని ఇద్దరం సంతోషించాం. లోపల చిక్కిన ఆసిడ్ ఉక్కును తింటూ పోయింది. నెల తిరగకముందే పైపు పగిలి, నా పక్కన పనిచేసే అతనికి మోచేతి దాకా చెయ్యి కాలింది. మేకు కొట్టిన చెయ్యి నాది, కాలిన చెయ్యి అతనిది.

చుక్క కనబడితే ముట్టుకోకండి. వెనక వాల్వు కట్టించండి, సూపర్‌వైజరుకు కాగితం మీద రాసివ్వండి, నకలు దగ్గర ఉంచుకోండి. ఆ ముక్కను మార్చాల్సిందే. వెల్డింగు చేస్తామంటే ఒప్పుకోకండి, ఆ వేడికి అస్తరు కరుగుతుంది. టెఫ్లాన్ అయితే కాలిన పొగ పీలిస్తే జ్వరం వస్తుంది, ఊపిరితిత్తులు దెబ్బతింటాయి.

రాసిస్తే ఉద్యోగం పోతుందేమో అని కొందరికి భయం. 1984 భోపాల్ తర్వాత, 1987లో ఫ్యాక్టరీల చట్టంలో 41-హెచ్ సెక్షను చేర్చారు. ప్రమాదం దగ్గరలో ఉందని తోస్తే యాజమాన్యానికీ, ఇన్స్పెక్టరుకూ చెప్పే హక్కు దాంతో వచ్చింది. 2020 కోడ్‌లోనూ ఆ హక్కు ఉంది. ఒక్కరు రాయడానికి జంకితే పదిమంది సంతకాలు పెట్టండి, యూనియన్ సంతకం కూడా ఉంటుంది.

నిలువునా కోసిన అస్తరు పైపు ముక్క ఒకటి ఆదివారం ఆఫీసులో పెడుతున్నాం. సెలవుకు ఇంటికొచ్చిన పిల్లలను వెంటబెట్టుకుని రండి, కన్నం ఎక్కడుంటుందో చూపిస్తాను.