నష్టమా? హానా? అన్యాయమా?



వినతిపత్రం రాయడం మనకు కొత్త కాదు. విద్యార్థులు హాస్టల్ అన్నం గురించి రాస్తారు. ఉద్యోగులు పదోన్నతుల గురించి రాస్తారు. ప్రతి కాగితంలోనూ 'తీవ్రంగా నష్టపోయాం' అనే మాట ఉంటుంది. ఇవాళ మనం ఆ ఒక్క మాట గురించే మాట్లాడుకుందాం. ఎందుకంటే దెబ్బ తిన్నవాడు ఏ మాట వాడాడన్న దాన్ని బట్టే, దెబ్బ కొట్టినవాడు దొరుకుతాడా తప్పించుకుంటాడా అన్నది తేలుతుంది.

గాయం అంటే ఒంటికి తగిలేది. మనసు గాయపడింది అన్నా అక్కడ మనసును ఒంటిలాగే చూస్తున్నాం. నష్టం అంటే ఉన్నది పోవడం. ఎవరు పోగొట్టారన్నది ఆ మాటలో లేదు. గాలివాన వచ్చినా నష్టమే, ధర పడిపోయినా నష్టమే. హాని వేరు. హాని జరిగింది అనగానే 'దేనివల్ల, ఎవరివల్ల?' అని అడుగుతాం. అన్యాయం ఇంకో మెట్టు పైన ఉంటుంది. అక్కడ చేసినవాడు ఉండాలి. వాడు మీరిన కట్టుబాటూ ఉండాలి.

ఇంగ్లిషులోని ఇంజ్యురీని మనం గాయం అనేసుకుంటాం. ఆ మాట లాటిన్ నుంచి వచ్చింది. న్యాయం కానిది అని దాని పుట్టుక అర్థం. అచ్చంగా మన అన్యాయమే! చట్టంలో ఆ అర్థం ఇంకా బతికే ఉంది. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహిత కూడా పాత శిక్షాస్మృతి చెప్పిందే చెప్పింది. ఒంటికి గానీ, మనసుకు గానీ, పరువుకు గానీ, ఆస్తికి గానీ చట్టవిరుద్ధంగా చేసిన ఏ హాని అయినా ఇంజ్యురీయే. ఒంటి నొప్పికి, జబ్బుకు హర్ట్ అని వేరే మాట పెట్టింది. అంటే నెత్తురు చుక్క రాలకుండానే ఇంజ్యురీ జరగొచ్చు.

ఇదంతా పంతుళ్ల చర్చ అనుకోవద్దు. నెల్లూరు తీరం వైపు చూడండి. 1990ల మొదట్లో అక్కడ రొయ్యల చెరువులు వెల్లువలా వచ్చాయి. 1994-95లో తెల్లమచ్చ వైరస్ సోకి చెరువులు ఖాళీ అయ్యాయి. పెట్టుబడి పెట్టినవాడు మునిగిపోయాడు. అది నష్టం. చెరువు గట్టు అవతల ఇంకో రైతు ఉన్నాడు. ఉప్పునీరు ఊటగా దిగితే అతని వరిమడి చౌడు బారుతుంది, తాగే బావి ఉప్పెక్కుతుంది. అది హాని. ఇద్దరి కాగితాల్లోనూ 'నష్టం' అనే రాస్తే ఇద్దరూ ఒకే వరుసలో నిలబడి సర్కారు సాయం కోసం చూడాల్సిందే. ఉప్పునీరు వదిలినవాడి ఊసే ఉండదు.

తమిళనాడు గ్రామ స్వరాజ్య ఉద్యమ నాయకుడు ఎస్. జగన్నాథన్ ఈ హానిని సుప్రీంకోర్టు ముందు పెట్టారు. 1996 డిసెంబర్ 11న తీర్పు వచ్చింది. తీర నియంత్రణ మండలిలో, సంప్రదాయ పద్ధతివి తప్ప, రొయ్యల చెరువులు ఉండరాదన్నారు. పులికాట్ సరస్సుకు, అప్పట్లో నెల్లూరు జిల్లాలో ఉన్న నేలపట్టు పక్షుల కేంద్రానికి 1000 మీటర్ల లోపు వద్దన్నారు. పాడు చేసినవాడే పరిహారం కట్టాలన్నారు. హాని అన్యాయంగా రుజువైన రోజు అది.

ఆ తీర్పు పూర్తిగా అమలు కాకముందే 2005లో పార్లమెంటు తీరప్రాంత ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం చేసింది. రిజిస్ట్రేషన్ పెట్టింది, పోటు గీతకు 200 మీటర్ల హద్దు పెట్టింది. కానీ 1991 నాటి తీర నియంత్రణ నిషేధం ఈ చెరువులకు వర్తించదని, అదీ 1991 నుంచే వర్తించనట్టని రాసేసింది. ఉప్పు అదే, బావి అదే. చట్టవిరుద్ధం అన్న మాట తీసేసరికి నిన్నటి అన్యాయం ఇవాళ వట్టి నష్టమై కూర్చుంది. పాలకులకు మాటల విలువ మనకన్నా బాగా తెలుసు మరి!

దీనికి అవతలి వైపు కూడా ఒకటుంది. 1701లో ఇంగ్లండులో ఆష్‌బీ అనే ఆయనను ఓటు వేయనివ్వలేదు. ఆయన కోరుకున్న అభ్యర్థులు ఎలాగూ గెలిచారు. ఇక నష్టమేముంది అని ఎదుటివాళ్లు వాదించారు. చివరికి ఆష్‌బీనే గెలిచాడు. పైసా పోకపోయినా హక్కును అడ్డుకుంటే అన్యాయమేనని తేలింది. 'మీకు పోయిందేమిటి?' అని అడిగేవాళ్లకు మూడు వందల ఏళ్ల కిందటే జవాబు దొరికింది.

కాబట్టి ఇకమీదట కాగితం రాసేముందు మూడు ప్రశ్నలు వేసుకుందాం. ఏం పోయింది? ఎవరివల్ల పోయింది? వాళ్లు మీరిన నియమం ఏది? మొదటిదానికే జవాబుంటే నష్టం అని రాయండి. రెండోదానికీ ఉంటే హాని అనండి, చేసినవాడి పేరు రాయండి. మూడోదానికీ ఉంటే అన్యాయం అని రాసి, ఆ నియమం నంబరు కూడా పక్కన పెట్టండి. నష్టానికి సాయం అడుగుతాం. అన్యాయానికి లెక్క అడుగుతాం. సాయం ఇచ్చేవాడి దయ. లెక్క మన హక్కు.