గొడుగు పుట్టిన కథ: కాన్సరు చికిత్సలో ఎండ



మహాభారతము ఆనుశాసనిక పర్వమున గొడుగు పుట్టిన కథ కలదు. జమదగ్ని మహర్షి జ్యేష్ఠమాసమున ఒకనాడు బాణక్రీడ సలుపుచుండగా, విడిచిన బాణములను ఆయన భార్య రేణుక ఏరి తెచ్చుచుండెను. సూర్యుడు నడినెత్తికి వచ్చెను. తల మాడి, పాదములు కాలి, ఆమె తాళజాలక ఒక చెట్టునీడను క్షణకాలము నిలిచి, పిదప బాణములు తెచ్చి యిచ్చెను. ఇంత ఆలస్యమేల యని ముని కోపించెను. కారణము విన్న పిమ్మట ఆ కోపము సూర్యునిపైకి మరలెను. ముని విల్లెక్కుపెట్టగా సూర్యుడు బ్రాహ్మణవేషమున వచ్చి, తన కిరణములవలననే వానలును పంటలును కలుగుచున్నవని విన్నవించి, ఎండనుండి కాచుకొనుటకు గొడుగును పాదరక్షలను ఇచ్చెను.

ఈ కథ చెప్పువారు గొడుగు దగ్గర ఆగుదురు. అంతకు ముందరి ఘట్టమును గమనించువారు తక్కువ. నీడను నిలిచినందుకు రేణుకకు మొదట దక్కినది మందలింపు. పెద్దలు రాచపుండని పిలిచిన కాన్సరుకు చికిత్స పొందుచున్నవారికి పల్లెలలో నేటికిని జరుగుచున్నది ఇదియే. ముప్పది యేండ్లు మిరపచేలలో కలుపు తీసిన ఇల్లాలు, రెండు విడతలు మందు ఎక్కించుకొని వచ్చి, గట్టుమీది చెట్టుక్రింద కూర్చున్నచో, నిన్నటిదాక లేని సుకుమారము నేడెక్కడిదను మాట వినవలసి వచ్చును. ఆ మాట అన్యాయము. ఆమె దేహమునకును ఎండకును నడుమనున్న పాత లెక్కను మందు మార్చివేసినది.

ఎండయనగా కంటికి కనబడు వెలుగు మాత్రమే కాదు. 1800లో విలియం హెర్షెల్ అను పండితుడు కనబడని వేడి కిరణములను, మరుసటి యేట యోహాన్ రిట్టర్ అను నతడు ఊదారంగునకు ఆవలనున్న అతినీలలోహిత కిరణములను కనుగొనిరి. చికిత్సలో నున్నవారిని ఈ రెండును వేరువేరు దారుల బాధించును. ఒకదానికి తీసికొన్న జాగ్రత్త రెండవదానికి చాలదు.

కాన్సరు మందులలో కొన్ని, చర్మము అతినీలలోహిత కిరణములను తట్టుకొనలేని స్థితిని కలిగించును. ఫ్లూరోయురాసిల్, దేహములో చేరి ఫ్లూరోయురాసిల్‌గా మారు కేపెసిటబిన్ మాత్ర, మెథోట్రెక్సేట్, డకార్బజిన్ ఇట్టివి. చికిత్స నడుమ వ్రాయు డాక్సీసైక్లిన్, కోట్రైమాక్సజోల్ వంటి మందులకును ఈ గుణము కలదు. మెథోట్రెక్సేట్ సంగతి మరింత విచిత్రము. కొద్దిదినములక్రితము ఎండకు కమిలి మానుచున్న చోటనే, మందు పడిన పిమ్మట మరల మంట లేవవచ్చును. అన్ని మందులును ఇట్టివి కావు. కావున ఈ మందుకు ఎండ పడునా యని వైద్యుని సూటిగా అడిగి, సమాధానమును చీటీమీద వ్రాయించుకొనవలెను.

నల్లని మేనికి ఎండ యేమి చేయునని ధైర్యము చెప్పువారు కలరు. చర్మపు నలుపు కొంత కాపుదలయే గాని కవచము కాదు. తెల్లని మేనిపై ఎరుపుగా కనబడు కమలుట నల్లని మేనిపై తేటగా కనబడదు. మంట, దురద, తాకినచో వేడి, క్రొత్తగా నలుపెక్కిన మచ్చలు గురుతులు. బొబ్బలు లేచినచో ఆకుపసరు, పసుపు, నూనె పట్టింపక ఆసుపత్రికి తెలుపవలెను.

గడియారము లేనివారికి తమ నీడయే గడియారము. నీడ మనిషికన్న పొట్టిగా నున్నంతసేపు కిరణముల తీక్ష్ణత హెచ్చు; ఆ వేళ బయటి పని మానవలెను. పలుచని మబ్బు పట్టినంతమాత్రమున నమ్మరాదు, మబ్బు దాటి చాల కిరణములు వచ్చును. వస్త్రమును వెలుగునకెత్తి చూచినచో దాని బలము తెలియును. వెలుగు జల్లెడవలె కారు మల్లుపంచె కన్న, నేత చిక్కగానున్న వదులైన వస్త్రము మేలు. తడిసి ఒంటికంటిన నూలుబట్ట మరింత బలహీనము. జుట్టు రాలిన తలకు ఎండ క్రొత్త. తలపాగా చుట్టువారు చెవులును మెడ వెనుకభాగమును మరతురు. చీరకొంగుగాని తువాలుగాని అక్కడివరకు దిగవలెను.

వస్త్రము కప్పని ముఖమునకు, చేతులకు ఎండ నాపు లేపనమును వైద్యుని యనుమతితో వాడవచ్చును. డబ్బాపై ఎస్.పి.ఎఫ్. 30 లేక అంతకు మించిన అంకెయు, రెండు విధముల అతినీలలోహిత కిరణములను ఆపునను మాటయు ఉండవలెను. రెండు గంటలకొకమారు తిరిగి పూయవలెను. పుండ్లపై పూయరాదు. డబ్బా కొను స్తోమత లేనిచో చింతిల పనిలేదు. నీడ, గొడుగు, నిండు చేతుల రవిక ముందు వరుసలోనివి.

నగరములోని ఆసుపత్రికి బస్సులో పోవువారు కిటికీ అద్దము వేసికొని నిశ్చింతగా నుందురు. చర్మపు లోతునకు పోవు ఒక తరగతి కిరణములు అద్దమును దాటును. మందులవలని బాధ పెక్కుసార్లు వానివలననే. ఉదయమున ఉత్తరముగా పోవు బస్సులో ఎడమప్రక్క నీడ యుండును. ఈపాటి దిక్కుల లెక్క తోడుపోవు పిల్లవాడు చూడగలడు.

ఇక వేడి. వాంతులు, విరేచనములు, నోటిపూతవలన నీరు తాగలేకపోవుట చికిత్సలో తరచు కలుగును. అట్టివారికి రోహిణికార్తెలో వడదెబ్బ త్వరగా తగులును. మూత్రము తగ్గి ముదురు పసుపుగా వచ్చుట, లేవగానే కన్నులు చీకట్లు క్రమ్ముట ముందుగా కనబడు గురుతులు. కాచి చల్లార్చిన నీరు కొద్దికొద్దిగా పలుమారులు తాగవలెను. మూత్రపిండముల జబ్బు, గుండెజబ్బు గలవారు ఎంత తాగవలెనో వైద్యుని అడుగవలెను. దారిలో అమ్ము మంచుముక్కల పానీయములు ఈ కాలమున వలదు.

ఇక్కడనే ప్రాణము మీదికి వచ్చు పొరపాటు కలదు. ఎండన పడి వచ్చిన రోగికి ఒళ్లు కాలినచో ఇంటివారు వడదెబ్బ యని తలచి, ఉల్లిపాయ రసము పూసి, మామిడికాయ పానకమిచ్చి, జ్వరపు మాత్ర వేసి, తెల్లవారువరకు చూతమందురు. కీమో మందు రక్తములోని తెల్లకణములను తగ్గించును. అప్పుడు పుట్టు జ్వరము లోపలి సూక్ష్మజీవుల దాడి కావచ్చును. కొన్ని గంటలలోనే అది ముదురును. కావున ఇంట థర్మామీటరు ఉండవలెను. 100.4 డిగ్రీలు దాటినచో అది రాత్రి యైనను, కారణము ఎండ యని తోచినను, వెంటనే ఆసుపత్రికి చేర్చవలెను. ఎండన పడిన రోగి మాట తడబడినను, స్పృహ తప్పినను అంతే. తరలించునపుడు తడిబట్టతో ఒళ్లు చల్లబరచుచుండవలెను. స్పృహలేనివాని నోట నీరు పోయరాదు.

జనులు కరెంటు పెట్టుట యని పిలుచు రేడియేషను పొందినవారికి వేరొక నియమము. ఆ భాగముపై చికిత్స జరుగుచున్నన్నాళ్లు ఎండ తగులరాదు. అడుగక ఏ లేపనమును, సున్నిపిండియు పూయరాదు. చికిత్స ముగిసి, గాటు మాని, చర్మము మునుపటివలెనే కనబడినను అది ఎండకు మెత్తనిదే. ఆ జాగ్రత్త ఏండ్ల తరబడి నిలువవలెను. రొమ్ముకు చికిత్స పొంది తిరిగి చేనికి పోవు స్త్రీ మెడవరకు మూయు రవికను కుట్టించుకొనుట మంచిది. చేనిలో ఒక తాటాకు పందిరి వేసి యుంచుట ఇంటి మగవారి పని.