‘మరేం లేదండీ...’: ఊతపదాల సంగతి



భాషాశాస్త్ర విద్యార్థులు, జానపద పరిశోధకులు, అవధాన ప్రియులు ఒకచోట కూర్చున్న సదస్సు ఇది. నన్ను అధ్యక్షస్థానంలో కూర్చోబెట్టినందుకు కృతజ్ఞతలు. ‘రెండు ముక్కలు చెప్పి ముగిస్తాను’ అనేది అధ్యక్షుల ఊతపదం. ఆ మాట అన్నవారెవరూ రెండు ముక్కలతో ఆపిన దాఖలా లేదు కనుక నేను అనను.

ఊతపదాలంటే మనకు చిన్నచూపు. మాట తోచనివాడి నోట దొర్లే పొల్లు అనుకుంటాం. ఇంటర్వ్యూలకు వెళ్లే పిల్లల చేత వాటిని మాన్పించడానికి ఫీజులు కట్టి మరీ శిక్షణ ఇప్పిస్తాం. అది పొల్లో గింజో తేల్చడానికి ఒక సందర్భం చూద్దాం.

ఒకాయన పక్కింటికి అప్పు కోసం వచ్చాడు. ‘మరేం లేదండీ... అంటే... మొన్న చెప్పాను చూడండీ, అదే... మా అమ్మాయి కాలేజీ ఫీజు... అదీ... ఓ పదివేలు ఏమన్నా...’ వాక్యం పూర్తి కాలేదు. పూర్తి కానక్కర్లేదు కూడా. ఇందులో ఊతపదాలన్నీ ఏరేస్తే మిగిలేది ‘అమ్మాయి ఫీజుకు పదివేలు కావాలి’ అన్న ముక్క. అది అప్పు అడిగినట్టుండదు, బాకీ వసూలుకు వచ్చినట్టుంటుంది. ‘మరేం లేదండీ’ అన్నది పచ్చి అబద్ధం. ఏదో ఉంది కనకే వచ్చాడు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. ‘అంటే’ దగ్గర ఆగి ఆయన ఎదుటివాడి మొహం చూశాడు. అక్కడ చిరాకు కనబడితే ‘అదే, అమ్మాయికి సీటొచ్చిందని చెబుదామనీ’ అని వెనక్కి తగ్గే దారి ఇంకా తెరిచే ఉంది. అడిగినవాడి పరువూ, లేదనాల్సి వచ్చినవాడి మొహమాటమూ రెండూ నిలబడేది ఆ నాలుగు పొల్లు మాటల మీదే.

ఇక ‘ఇది’. సర్వనామం అని వ్యాకరణం చెప్పి ఊరుకుంటుంది. ‘పెళ్లిలో వియ్యాలవారు కాస్త ఇదిగా మాట్లాడారు’ అన్నప్పుడు అది ఏ నామానికి బదులు? ‘అడగాలంటే నాకే ఇదిగా ఉంది’, ‘ఆయనకు మనవడంటే చాలా ఇది’ - ఒకచోట చులకన, ఒకచోట బిడియం, ఒకచోట మురిపెం. విన్నవాడు ఒక్కసారైనా ‘ఏది?’ అని అడగడు. పైకి అనకూడని మాటనీ, అనడానికి మాట దొరకని భావాన్నీ ఒకే పదంలో సర్దేస్తున్నాం. నిఘంటువులో దీనికి ఎన్ని అర్థాలివ్వాలో ఈ సదస్సులోని యువ పరిశోధకులు ఆలోచించాలి.

వినేవాడికీ ఊతపదాలున్నాయి. ఫోనులో అవతలివాళ్లు చెప్పుకుపోతుంటే ‘ఊఁ’, ‘ఆఁ’ అనకుండా కాసేపు ఊరుకుని చూడండి. ‘హలో, ఉన్నావా?’ అని వెంటనే వినబడుతుంది. ఎమాన్యుయేల్ షెగ్లాఫ్ అనే అమెరికన్ పండితుడు ఈ ఊఁకొట్టడం ‘నువ్వు కానివ్వు’ అని అనుమతి ఇవ్వడమేనని 1982లో వివరించాడు. మన బుర్రకథలో వంతలకు ఇది ఎప్పట్నుంచో ఉద్యోగం. ఇంగ్లీషు వాళ్లు తడుముకుంటూ అనే ‘అ’, ‘అమ్’లలో మొదటిది చిన్న విరామానికి, రెండోది పెద్ద విరామానికి ముందు వస్తుందని హెర్బర్ట్ క్లార్క్, జీన్ ఫాక్స్ ట్రీ 2002లో రాశారు. మన ‘అంటే’కీ ‘ఏంటంటే’కీ అలాంటి తేడా ఉందా? ఉత్తరాంధ్ర ‘ఏటంటే’, తెలంగాణ ‘ఏందంటే’ కూడా కలుపుకొని ఎవరైనా కొలవాలి.

పద్యంలో వచ్చిన ఊతపదాన్ని మాత్రం పండితులు ఏనాడో ఆదరించారు. యాస్కుడి నిరుక్తం ‘కమ్, ఈమ్, ఇత్, ఉ’లను పాదపూరణాలని, అంటే పద్యపాదం నింపే మాటలని, పేరుపెట్టి మరీ చెప్పింది. తర్వాతి సంస్కృతంలో చ, వై, తు, హిలకూ అదే గౌరవం దక్కింది. నేటి అవధాని అడిగినవారిచ్చిన పదాలతో దత్తపది అల్లుకుంటూ ముందు చెప్పిన పాదాన్నే మళ్లీ చదివితే చప్పట్లు కొడతాం. మామూలు మనిషి అదే వ్యవధి కోసం ‘అదేనండీ’ అంటే నవ్వుతాం. ఇది న్యాయమేనా?

అన్నిటినీ వెనకేసుకు రావడం నా ఉద్దేశం కాదు. ‘యాక్చువల్‌గా’, ‘బేసిక్‌గా’ అనే మాటలతో నాకు పేచీ లేదు. తెలుగు ‘గా’ తగిలించుకుని మనింటి మనుషులైపోయాయి. ‘కన్యాశుల్కం’ నాటకంలో గిరీశం నోటి ‘డామిట్’ అనే ఇంగ్లీషు తిట్టు కూడా మనదే అయిందిగా! నా పేచీ టీవీ తెలుగుతో. ‘ఏదైతే ప్రభుత్వం ఉందో ఆ ప్రభుత్వం నిర్ణయం తీసుకోవడం జరిగింది, మనం చూసుకున్నట్లయితే...’ అప్పు అడిగేవాడి ‘అంటే’ ఎదుటివాడి మొహం చూడటానికి ఆగింది. ఇది ఎవరి కోసమూ ఆగదు, సమయాన్ని నింపుతుంది, పైగా గంభీరమైన భాషలా చలామణీ అవుతోంది. సభల్లో మనవాళ్లకూ ఈ అంటువ్యాధి సోకింది.

చివరగా పరిశోధకులకు ఒక విన్నపం. కథకుల గొంతు రికార్డు చేసుకొస్తారు. రాసేటప్పుడు ‘అయితేనేమో’, ‘ఆ రాజేమో’, ‘ఏమైందంటే’ అన్నవన్నీ కొట్టేసి, వాక్యాలు చక్కదిద్ది, పుస్తకం వేస్తారు. కథ మిగులుతుంది, చెప్పిన తీరు పోతుంది. అచ్చుకిచ్చే ప్రతిని మీ ఇష్టం వచ్చినట్టు తీర్చుకోండి. దానికి ముందు మాత్రం ఊఁలు, ఆఁలతో సహా ఉన్నదున్నట్టు ఒక ప్రతి ఎత్తిరాసి, మీ విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో దాచండి.