కోలారు బంగారం – మల్లన్న విభూతి

శ్రీ భ్రమరాంబా మల్లికార్జునాభ్యాం నమః



రుద్రాధ్యాయంలో పరమేశ్వరునకు హిరణ్యబాహువు అన్న నామం ఉన్నది. బంగారు బాహువులు గలవాడని దానికి అర్థం. ఆ స్వామియే ఒడలెల్ల విభూతి పూసుకొని దర్శనమిస్తాడు. బంగారమూ ఆయనదే, బూడిదా ఆయనదే. ఈ రెండింటినీ ఒక్క దేహంపై ధరించి ఆయన మనకు బోధిస్తున్నదేమిటి? ఈ సంగతిని ఈనాడు ఒక ఊరి కథతో విచారిద్దాం.

శ్రీశైలానికి బంగారపు మాట కొత్తది కాదు. ఈ కొండపై సిద్ధులు రసవాదంతో లోహాన్ని స్వర్ణంగా మార్చారని పెద్దలు చెప్పే కథలు మీరు విన్నవే. కర్నూలు జిల్లాలోని జొన్నగిరియే మౌర్యులనాటి సువర్ణగిరి అని కొందరు చరిత్రకారులు తలంచారు. అయితే నేను చెప్పబోయేది మనిషి చెమటోడ్చి భూగర్భం నుండి తీసిన బంగారం కథ. మన చిత్తూరు సీమకు సరిహద్దున, కర్ణాటకలో ఉన్న కోలారు బంగారు గనుల పట్టణం కథ.

అక్కడ పూర్వకాలం నుండీ జనం పైపొరలలో తవ్వుకునేవారు. 1880లో జాన్ టేలర్ అండ్ సన్స్ అనే ఇంగ్లండు సంస్థ గనుల నిర్వహణను చేపట్టింది. అది మొదలు ఊరి దశ తిరిగింది. 1902లో కావేరి మీది శివనసముద్రం నుండి సుమారు 150 కిలోమీటర్లు తీగలు లాగి గనులకు విద్యుత్తు తెచ్చారు. దేశంలో ఎన్నో నగరాలు నూనె దీపాలతో గడుపుతున్న రోజులవి! బేతమంగళం చెరువు నీరు ఊరికి వచ్చింది. బంగళాలు, క్లబ్బులు, ఆసుపత్రి వెలిశాయి. చిన్న ఇంగ్లండు అని పేరు వచ్చింది.

ఆ వైభవానికి పునాది ఎవరు? ఉత్తర ఆర్కాటు నుండి తమిళులు, చిత్తూరు ప్రాంతం నుండి తెలుగువారు బ్రతుకుతెరువు కోసం తరలిపోయారు. బంగళాలు దొరలవి, వరుసగా కట్టిన ఇరుకు గదులు కూలీలవి. గని మూడు కిలోమీటర్లు దాటి లోతుకు పోయింది. అక్కడి రాయి మండుతూ ఉండేది. ఒత్తిడికి బండలు పగిలి మీదపడేవి. రాతిధూళి ఊపిరితిత్తులను తినివేసేది. నూట ఇరవై ఏండ్లలో సుమారు 800 టన్నుల బంగారం పైకి వచ్చింది. దానిని మోసినవారి ఇండ్లలో ఎంత నిలిచిందో మీరే ఊహించండి.

లోతు పెరిగినకొద్దీ ఖర్చు పెరిగింది, రాతిలో పసిడి పలుచబడింది. 1956లో గనులు ప్రభుత్వపరమైనా ప్రకృతి ధర్మం మారలేదు. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడ్డాయి. సయనైడుతో పసిడి తీయగా మిగిలిన పిండి గుట్టలై నిలిచింది. గాలి వీస్తే ఆ ధూళి ఇండ్ల మీదకు వస్తుంది. గనికి దిగినవారి బిడ్డలు కూలికీ కొలువుకూ వేకువనే రైలెక్కి బెంగుళూరు పోవలసివచ్చింది.

దీనిని విని, ఆశకు పోయినవారికి ఇదే శాస్తి అని కొందరంటారు. అట్లా అనరాదు నాయనలారా! గనిలో దిగినవాడు పిల్లల అన్నం కోసం దిగాడు. అర్థం కూడా పురుషార్థమే. కౌటిల్యుడు గనులకు ఆకరాధ్యక్షుని నియమించమన్నాడు. త్రవ్వడం పాపం కాదు. తీసుకున్నచోట తిరిగి ఏమీ ఉంచకపోవడం దోషం.

ఆ గనిలోనే మరొకటి జరిగింది. 1965లో శాస్త్రజ్ఞులు, పసిడి కోసం కాక జ్ఞానం కోసం, ఆ లోతులలో పరికరాలు అమర్చి, ఆకాశం నుండి వచ్చే కిరణాల వలన పుట్టే న్యూట్రినోలనే సూక్ష్మకణాల జాడను పట్టుకున్నారు. బంగారం చేతులు మారింది. ఆ జ్ఞానం లోకానికి మిగిలింది.

ఈ క్షేత్రాన్నే చూడండి. పదునాలుగవ శతాబ్దిలో ప్రోలయ వేమారెడ్డి పాతాళగంగకు మెట్లు కట్టించాడు. ఆయన కోశాగారంలోనూ బంగారం ఉండే ఉంటుంది. అది ఏమైందో ఎవరడుగుతున్నారు? రాజ్యం పోయింది. యాత్రికుల పాదాల క్రిందికి చేరిన ధనం మాత్రం ఆయన పేరును నేటికీ నిలిపింది.

కనుక తల్లులారా, తండ్రులారా! మంగళసూత్రం కొన్ననాడు, స్వామికి పసిడి సమర్పించిననాడు, ఆ లోహాన్ని చీకటిలో తవ్విన చేతులను ఒక్కసారి తలచుకోండి. మీ ఊరిలో పని మూతపడి నిలువనీడ కోల్పోయిన కుటుంబం ఉంటే, ఒక బిడ్డ చదువుకు చేయూతనివ్వండి. అదియే హిరణ్యబాహువునకు నిజమైన స్వర్ణార్చన. నొసట విభూతి పెట్టుకున్నప్పుడెల్లా, చేతిలోని బంగారం చివరికి ఏమవుతుందో ఆ స్వామి చెప్పకయే చెబుతున్నాడని గుర్తుంచుకోండి. చెయ్యి విడువకముందే దానిని ధర్మానికి వినియోగిద్దాం.

హర హర మహాదేవ!

సర్వం శ్రీ మల్లికార్జునార్పణమస్తు.