సర్దుబాటు పద్దు గురించి
(మండల సమాఖ్య మహాజన సభలో పాలకవర్గం తరఫున చేసిన ప్రసంగం)



ప్రతి ఏటా ఈ సభలో పొదుపు ఎంత పెరిగిందో, అప్పులు ఎంత ఇచ్చామో, వసూలు ఎంత అయిందో చదువుతాం. మీరు చప్పట్లు కొడతారు, తర్వాత భోజనాలకు లేస్తాం. ఈసారి ఆ లెక్కలు రిపోర్టులోనే అచ్చయ్యాయి కాబట్టి మళ్ళీ చదవడం లేదు. ఆ పేజీల అడుగున 'సర్దుబాటు' అని ఒక చిన్న పద్దు ఉంటుంది, చూడండి. దాని గురించే మాట్లాడదామనుకున్నాం. అది ఎవరో పెట్టింది కాదు, మేం పెట్టిందే.

పోయిన ఏడు ఒక ఊరి నుంచి ఒక కోడలు పిల్ల ఆఫీసుకు వచ్చింది. వాళ్ళ అత్త మన సభ్యురాలు, మొదటి నుంచీ సంఘంలో ఉన్న మనిషి. ఆమె కాలం చేసింది. పొదుపు డబ్బు తీసుకుని లెక్క ముగించుకుందామని పాస్‌బుక్ పట్టుకుని వచ్చింది ఆ పిల్ల. పాస్‌బుక్‌లో అప్పు తీరిపోయినట్టు ఉంది. మన కంప్యూటర్ చూస్తే 2,000 బాకీ ఉంది. సంఘం పుస్తకం తెప్పిస్తే అందులో ఇంకో అంకె. "మా అత్త బాకీ పెట్టి పోయే మనిషి కాదండీ" అంది ఆ పిల్ల. మాకు నోట మాట రాలేదు. రేపు రా, ఎల్లుండి రా అని తిప్పాం. అది కూడా ఇక్కడ ఒప్పుకోవాలి.

తవ్వి చూస్తే కథ 2020కి పోయింది. లాక్‌డౌన్ వచ్చింది. మీటింగులు లేవు, పనులు లేవు. మనలో కుట్టు వచ్చినవాళ్ళం మాస్కులు కుట్టాం. రిజర్వు బ్యాంకు మార్చి నుంచి ఆగస్టు దాకా కిస్తీలు కట్టకపోయినా ఫర్వాలేదంది. మనం సంతోషపడ్డాం. కిస్తీ ఆగింది గానీ వడ్డీ ఆగలేదు. ఈ సంగతి మాకే సరిగ్గా అర్థం కాలేదు, ఇక మీకేం చెప్పి ఉంటాం?

లెక్క ఎలా తప్పుతుందో చూడండి. సంఘానికి లక్ష రూపాయల అప్పు ఉంది, ఏడాదికి నూటికి 12 వడ్డీ అనుకోండి. నెలకు వెయ్యి, ఆరు నెలలకు 6,000. వడ్డీ మీద వడ్డీ సంగతి పక్కన పెడదాం. బ్యాంకు ఈ 6,000 కలిపి రాసుకుంటుంది. సంఘం పుస్తకంలో ఆరు నెలలూ ఖాళీ, ఏమీ రాయలేదు. మన పుస్తకం ప్రకారం అప్పు తీరాక కూడా బ్యాంకులో బాకీ కనబడుతూనే ఉంటుంది. పది మంది సంఘమైతే మనిషికి 600. అప్పుడే కూర్చుని పది మందికీ చెప్పి రాసుకుని ఉంటే ఒక మధ్యాహ్నం పని.

మేం ఏం చేశాం? ఏడాది చివర లెక్క మూయాలి, బ్యాంకుతో మన అంకె కలవలేదు. అప్పటి మన అకౌంటెంటు తమ్ముడు కంప్యూటర్‌లో ఒక వరస ఎక్కువ వేసి 'సర్దుబాటు' అని రాసి 6,000 పెట్టాడు. అంకె కలిసింది. ప్రెసిడెంటు సంతకం పెట్టింది, సెక్రటరీ పెట్టింది. మరుసటి ఏడు ఆడిట్‌లో ఈ పద్దు ఏంటని అడుగుతారేమోనని, అప్పటికి ఇంకా బాకీ ఉన్న ముగ్గురి పేర్ల మీదకు దాన్ని తోసేశాం. పది మంది మోయాల్సింది ముగ్గురి నెత్తిన పడింది. 600 కాస్తా 2,000 అయింది. ఆ ముగ్గురిలో ఒకామె ఆ కోడలు పిల్ల అత్త. ఆమెకు ఆ సంగతి తెలియకుండానే పోయింది.

మనది ఒక్క సంఘమే అయితే ఇంత పెద్ద సభలో చెప్పేవాళ్ళం కాదు. వెతికినకొద్దీ ఇంకా వస్తున్నాయి. ఒకచోట వడ్డీ తేడా, ఒకచోట ఒకే కిస్తీ రెండుసార్లు ఎక్కింది, ఇంకోచోట ఒకే పేరున్న ఇద్దరి పొదుపు ఒకరి ఖాతాలో పడింది. అన్నిటి మీదా కప్పింది ఆ ఒక్క మాటే.

ఈ జబ్బు చదువు తక్కువ వాళ్ళకే వస్తుందని సిగ్గుపడకండి. 2020లోనే ఇంగ్లండులో కరోనా కేసుల లెక్క ఎక్సెల్ పాత రకం ఫైల్‌లో వేశారట. ఆ ఫైల్‌లో ఒక పేజీకి 65 వేల చిల్లర వరసలే పడతాయి. నిండిపోయాక మిగిలినవి చప్పుడు చేయకుండా బయటే ఉండిపోయాయి. 15,841 కేసులు రోజువారీ లెక్కలోకి రాలేదు. వాళ్ళను కలిసినవాళ్ళకు జాగ్రత్త చెప్పడం ఆలస్యమైంది. అంత పెద్ద దేశం, అంత డబ్బు! అవసరానికి పట్టుకున్న ఫైల్‌నే పెద్ద పనికీ వాడేశారు. మన కంప్యూటర్‌లో ఉన్నదీ అలాంటి ఫైలే, మూడు ఊళ్ళ లెక్క కోసం మొదలుపెట్టి మండలమంతా అందులోనే ఎక్కించాం.

అంతకు ముందు ఇంకోటి ఉంది, అది మన పిల్లలకు బాగా తెలిసిన కథ. పాత రోజుల్లో కంప్యూటర్‌లో చోటు చాలా ఖరీదు. అందుకని సంవత్సరాన్ని రెండంకెల్లో రాసేవాళ్ళు, 1975ని 75 అని. 2000 వస్తే 00 అవుతుంది, అది 1900 అనుకుంటుందని తెలిసినా, అప్పటిదాకా ఈ ప్రోగ్రాములు ఉంటాయా ఏంటి అనుకున్నారు. ఉన్నాయి. చివరి రెండు మూడేళ్ళలో లోకమంతా పరుగులు పెట్టి సరిచేసుకోవాల్సి వచ్చింది. ఆ పనికే మన తెలుగు పిల్లలు ఎందరో అమెరికా విమానం ఎక్కారు. మన మండలం నుంచీ వెళ్ళినవాళ్ళు ఉన్నారు, వాళ్ళ అమ్మలు ఈ సభలోనే కూర్చున్నారు. ఒకళ్ళ తొందరపాటు ఇంకొకళ్ళకు ఉద్యోగం అయింది, అది వేరే సంగతి. కానీ మన సర్దుబాటు సరిచేయడానికి ఎవరూ విమానంలో రారు, మనమే చేసుకోవాలి.

తొందర పని ఎప్పుడూ తప్పని మేం అనడం లేదు. వానకు ఇల్లు కారుతుంటే పట్టా కప్పుతాం. ఆ పూట మేస్త్రీని వెతుక్కుంటూ కూర్చోం. వాన వెలిసాక కూడా పట్టాను అలాగే వదిలేసి, దాని మీద ఇంకో పట్టా వేస్తూ పోతేనే దూలం కుళ్ళేది. 2010కి ముందు సంగతి పెద్దవాళ్ళకు గుర్తుండే ఉంటుంది. గుమ్మంలోకి వచ్చి డబ్బిచ్చే మైక్రోఫైనాన్సు కంపెనీలు, వారం వారం కిస్తీ. ఒకళ్ళ కిస్తీ కట్టడానికి ఇంకొకళ్ళ దగ్గర తీసుకున్నాం. ఆ ఏడు అక్టోబరులో ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చేదాకా అలాగే నడిచింది. అప్పట్లో ఊళ్ళలో ఏమేం జరిగాయో మళ్ళీ చెప్పించకండి.

కారం మిల్లు సంగతీ అంతే. సబ్సిడీ గడువు అయిపోతోందని వారం రోజుల్లో తీర్మానం చేసి మిషను తెచ్చేశాం. దించాక చూస్తే షెడ్డుకు త్రీఫేజ్ కరెంటు లేదు. లైను వచ్చేసరికి మిర్చి సీజన్ దాటిపోయింది. ఆ తర్వాత ప్యాకెట్ మీద వేయడానికి ఫుడ్ లైసెన్సు లేదని షాపులవాళ్ళు వెనక్కి పంపారు. మిషను మంచిదే, ఇప్పుడు బాగానే నడుస్తోంది. ముందు కరెంటు, లైసెన్సు, కొనేవాళ్ళు, ఆఖర్న మిషను అనుకుని ఉంటే ఒక సీజను మిగిలేది.

ఇప్పుడు అసలు విషయం. ఈ సర్దుబాటు పద్దును ఏం చేద్దాం? రెండు దారులున్నాయి. పాలకవర్గంలో కూడా అందరం ఒకే మాట మీద లేం, దాచడం దేనికి.

ఒకటి, సమాఖ్య మిగులు నుంచి ఆ మొత్తాన్ని ఒక్క తీర్మానంతో కొట్టేయడం. రేపటికల్లా పుస్తకం శుభ్రంగా కనబడుతుంది. కొత్త అప్పులు ఆగవు. కానీ ఎవరిది ఎంత పోయిందో ఎప్పటికీ తేలదు. ఎక్కువ కట్టిన ఆమె కట్టినట్టే ఉంటుంది, తక్కువ కట్టిన ఆమెకు లాభం.

రెండోది, ఊరూరా కూర్చుని మనిషి మనిషికీ పాస్‌బుక్, సంఘం లెడ్జరు, బ్యాంకు స్టేట్‌మెంటు, మూడూ పక్కపక్కన పెట్టి చూడటం. నెలల పని. లెక్క తేలేదాకా ఆ ఊళ్ళో సమాఖ్య నుంచి కొత్త అప్పు ఇవ్వలేం. పిల్లల ఫీజులు, విత్తనాల ఖర్చులు ఉంటాయని తెలుసు. అందుకే ఆసుపత్రి అవసరాలకు మాత్రం అప్పు ఆపం అని పెట్టాం.

మధ్యలో ఒకాయన వచ్చి, కొత్త సాఫ్ట్‌వేర్ వేయించుకోండి, అన్నీ వాటంతటవే సరిపోతాయన్నాడు. నిజం చెప్పాలంటే మాలో సగం మంది సరేనన్నాం. మన బుక్‌కీపరు చెల్లే అడ్డం పడింది. "మొదట ఎక్కించే నిల్వ తప్పైతే ఏ సాఫ్ట్‌వేరైనా ఆ తప్పునే కూడుతుంది కదక్కా" అంది. చెత్త విత్తనాన్ని ఎంత మంచి ట్రాక్టరుతో వేస్తే మాత్రం ఏం మొలుస్తుంది? కొత్తది వద్దనడం లేదు. ముందు లెక్క తేలాలి, తర్వాతే కొత్తది.

ఇంకో రెండు పనులు తీర్మానంతో పని లేకుండానే మొదలుపెట్టాం. అకౌంటెంటు తమ్ముడు వేరే ఉద్యోగానికి వెళ్ళినప్పుడు పాస్‌వర్డు కోసం వారం రోజులు ఫోన్లు చేశాం, గుర్తుందిగా. ఇప్పుడు ప్రతి పనీ ఇద్దరికి నేర్పిస్తున్నాం. పాస్‌వర్డు సీలు కవర్లో ప్రెసిడెంటు బీరువాలో ఉంటుంది. శనివారం శనివారం లెక్కల కాపీ రెండు తీస్తున్నాం, ఒకటి ఆఫీసు బయట ఉంచుతున్నాం. కాపీ తీస్తే చాలదు, అది తెరుచుకుంటుందో లేదో చూడాలని కూడా నేర్చుకున్నాం. మొదటిసారి తెరిస్తే ఖాళీ!

పాలకవర్గంలో ఎక్కువమందిమి రెండో దారికే ఉన్నాం. ఓటు మాత్రం మీది. భోజనాల తర్వాత ఒక్కో గ్రామ సంఘం లీడరు లేచి చెబుతుంది, తీర్మానాల పుస్తకంలో రాస్తాం. రెండో దారే అయితే సోమవారం నుంచి మొదలు, మొట్టమొదట ఆ కోడలు పిల్ల ఊరే. ఆమె 2,000 సంగతి తేలేదాకా ఆ ఇంటి నుంచి ఎవరూ ఒక్క రూపాయి అడగకూడదని చెప్పాం. మీ ఊరి వంతు వచ్చినప్పుడు పాత పాస్‌బుక్కులు కూడా తీసుకురండి. చిరిగినవైనా, తడిసినవైనా సరే, పారేయకండి.