పాఠశాలలో విషద్రవ్యములు ఒలికినప్పుడు



జీవితమంతయు వ్యాకరణము బోధించిన తెలుగు పండితుడు గంధకామ్లమును గూర్చి ప్రసంగించుటేమని మీరు నవ్వవచ్చును. నా యజ్ఞానమువలన ఒకని చేతులు కాలినవి. ఆ ఋణమే నన్నిచ్చటికి దెచ్చినది.

పొన్నూరు ప్రాంతమున నేను పనిచేసిన యొక పాఠశాలలో, ఒకనాడు ప్రయోగశాలయందు గాఢ గంధకామ్లపు సీసా పగిలెను. విజ్ఞానశాస్త్రము చెప్పు మాస్టరుగారు వేరొక తరగతిలో నుండిరి. నేను తొందరపడి, "తడిగుడ్డతో తుడువవోయి!" అని బంట్రోతు నాజ్ఞాపించితిని. గాఢామ్లమునకు కొలదిపాటి నీరు తగిలిన మిక్కిలి వేడిమి పుట్టును. అతని చేతులు బొబ్బలెక్కెను. నేను వెన్నకై పరుగిడితిని! ఇంతలో మాస్టరుగారు వచ్చి, ఆ చేతులను కుళాయిధార క్రింద చాలసేపు పట్టిరి. కొంచెపు నీరు వేడిమిని బుట్టించును. ధారాళమైన నీరు ఆమ్లమును, వేడిమిని గూడ కొనిపోవును. ఆ కుళాయి నాకు పదియడుగుల దూరముననే యుండెను. "పోనీయండి, పంతులుగారూ" అని యతడన్నను, ఆ మచ్చలు చూచినప్పుడెల్ల నేను తలవంచుకొంటిని.

కావున మొదటి ధర్మము దూరము. పిల్లలను వెంటనే వెలుపలికి, గాలి వీచివచ్చు దిక్కునకు పంపవలెను. రెండవది పిలుపు. ఏది యొలికినదో తెలిసినవారికి చెప్పవలెను. అందులకే ప్రతి సీసాకును పేరుచీటి యుండవలెను. మూడవది నీరు. ఒంటిపైగాని కంటగాని పడినచో, తడిసిన బట్టలు తీసివేసి, పావుగంటకు తక్కువ గాకుండ ధారగా కడిగి, వైద్యునికడకు గొనిపోవలెను. శుభ్రపరచుట తొడుగులు, కంటియద్దములు ధరించిన నేర్పరుల పని. పాదరసమును చీపురుతో ఊడ్వరాదు. పూసలు చిదిసి విషపుటావిరి హెచ్చును.

ప్రత్తి, మిరప చేల పురుగుమందు వాసన మన పిల్లలకు చిన్ననాటినుండి పరిచితము. అలవాటైన వాసన భయము గొల్పదు. అదియే ప్రమాదము.

2020 మే 7 తెల్లవారుజామున, విశాఖపట్టణము చెంత వెంకటాపురమున ఎల్.జి. పాలిమర్సు కర్మాగారమునుండి స్టైరీను ఆవిరి వెలువడి పండ్రెండుమంది మరణించిరి. నిద్రలేచి పరుగిడినవారు పలువురు త్రోవలోనే కూలిరి. ఎటు పోవలెనో ముందే తెలిసియుండుట ఎంత ముఖ్యమో దీనివలన గ్రహింపవచ్చును. ప్రతి పాఠశాలయు ఏటేట దీని నభ్యసింపవలెను. అగ్నిమాపకులకు 101, వైద్యశకటమునకు 108 అను సంఖ్యలు గోడపై వ్రాయింపవలెను.

హాలాహలమును కంఠమున నిలుపుట పరమేశ్వరునకే చెల్లును. మనకు తొలగి నిలుచుటయే విజ్ఞత.