బాపు పేర్చిన చాక్
(పాఠశాల స్వర్ణోత్సవ సభలో ఒక పూర్వ విద్యార్థి చేసిన ప్రసంగ పాఠం)

 

నిర్వాహకులు నాకిచ్చిన అంశం ‘విదేశాల్లో మన ఇంజనీర్లు’. దాని మీద నాకన్నా బాగా మాట్లాడగలిగినవాళ్లు ఈ హాల్లోనే పదిమంది కనిపిస్తున్నారు. నేను ఒక పాత స్పోర్ట్స్ కారు గురించి, దాని కింద దూరి పని చేసుకోవాలంటే దాన్ని ఎట్లా నిలబెట్టాలనే దాని గురించి మాట్లాడతాను. స్వర్ణోత్సవంలో ఈ జాకీల గోల ఏమిటని మీకు అనిపించవచ్చు. కారణం ముందే చెప్పేస్తాను.

1985లో మాతోపాటు పదో తరగతి పాసైన ఒక మిత్రుడు, నా పక్క బెంచీవాడు, మెకానిక్ అయ్యాడు. మీలో చాలామంది బండ్లు ఆయన చేతుల మీదుగా వెళ్లినవే. మూడేళ్ల కింద ఒక టిప్పర్ బాడీ పైకెత్తి పెట్టి, కారుతున్న ఆయిల్ పైపు బిగించడానికి కిందికి వెళ్లాడు. ఆ బాడీని పైన నిలబెట్టింది ఆ పైపులోని ఆయిలే. పైపు వదులైంది, బాడీ దిగింది. బాడీకి అడ్డంగా నిలబెట్టే ఇనుప ప్రాప్ ఆ బండికే ఉంది, మడిచి కట్టి ఉంది. పది నిమిషాల పని కదా అనుకున్నాడట.

ఆయన కొడుకు కూడా ఇప్పుడు అదే పనిలో ఉన్నాడు. మొన్నామధ్య ఫోన్ చేసి, “కాకా, మా నాయిన ఏం తప్పు జేసిండు?” అని అడిగాడు. ఫోన్లో నేను సరిగ్గా జవాబు చెప్పలేకపోయాను. ఇవాళ ఆ పిల్లవాడు ఈ సభలోనే ఉన్నాడు.

మన ఫిజిక్స్ సారు పాస్కల్ సూత్రం చెప్పడానికి రెండు సిరంజీలు తెచ్చేవారు, గుర్తుందా? ఒకటి సన్నది, ఒకటి లావుది, మధ్యలో రబ్బరు గొట్టం, లోపల నీళ్లు. సన్నదాన్ని వేలితో నొక్కితే లావుది నోటుపుస్తకాల కట్టను లేపేది. మనం చప్పట్లు కొట్టేవాళ్లం. గొట్టం ఊడితే ఆ పుస్తకాలు ఏమవుతాయని మనలో ఒక్కరమూ అడగలేదు. గ్యారేజీలో వాడే ట్రాలీ జాకీ, టిప్పర్ బాడీని లేపే రాము, రెండూ ఆ సిరంజీలే. లోపల వేలెడంత రబ్బరు సీలు, ఒక చిన్న వాల్వు. బరువంతా వాటి మీదే. సీలు పాతబడుతుంది. వాల్వులో ఇసుక రేణువు ఇరుక్కుంటుంది. అప్పుడు జాకీ మెల్లగా కూర్చుంటుంది, లేదంటే ఒక్కసారే కూర్చుంటుంది.

ఇదంతా నేను ఇంజనీరింగులో చదువుకున్నాను. చదువుకుని కూడా ఏళ్లతరబడి వట్టి జాకీ మీద లేపిన కారు కిందికి దూరినవాణ్ని.

ఆ కారు 1972 నాటి ట్రయంఫ్ స్పిట్‌ఫైర్. నేను ఉద్యోగం చేసే కోవెంట్రీ ఊళ్లో, కాన్లీ కర్మాగారంలో తయారైంది. స్పిట్‌ఫైర్లు 1962 నుంచి 1980 దాకా వచ్చాయి. మన పెద్దవాళ్లకు దీని అన్న బాగా తెలుసు. మద్రాసులో తయారైన స్టాండర్డ్ హెరాల్డ్! ఆ హెరాల్డ్ చాసిస్‌నే పొట్టి చేసి దాని మీద రెండు సీట్ల బాడీ పెడితే స్పిట్‌ఫైర్ అయింది. చిన్నప్పుడు మన ఊళ్లో ఒక నీలం రంగు హెరాల్డ్ తిరిగేది. ముందు బానెట్ మొత్తం మొసలి నోరు తెరిచినట్టు లేచేది. బడి ఎగ్గొట్టి మరీ చూసేవాణ్ని. సార్లు ఇప్పుడు క్షమించాలి.

2011 ఎండాకాలంలో బాపు మా దగ్గరికి వచ్చాడు. బాపు బొగ్గుబాయిలో టింబర్‌మన్. ముప్పై ఒక్క ఏండ్లు పైకప్పుకు దిమ్మెలు పెట్టిన మనిషి. ఈ కాలం పిల్లలకు చెప్పాలి: అప్పట్లో బొగ్గు తీసిన చోట పైకప్పు కూలకుండా కట్టె దిమ్మెలు నిలబెట్టేవాళ్లు. కప్పు బలహీనంగా ఉన్నచోట కట్టె దుంగలను రెండు నిలువుగా, రెండు అడ్డంగా, ఒకదాని మీద ఒకటి చదరంగా పేర్చేవాళ్లు. దాన్నే చాక్ అనేవాళ్లు. తర్వాత రూఫ్ బోల్టులు వచ్చాయి. అడ్రియాల లాంగ్‌వాల్ గనిలోనైతే హైడ్రాలిక్ షీల్డులే కప్పును మోస్తూ ముందుకు నడుస్తాయి. బాపు కాలంలో మాత్రం కట్టే దేవుడు.

కోవెంట్రీకి దగ్గర్లో డా మిల్ అనే బొగ్గుగని ఉందని, ఇంకా నడుస్తోందని చెబితే బాపు మొదట నమ్మలేదు. తర్వాత రోజూ అటువైపే నడకకు పోదామనేవాడు. అది కారులో పోవలసినంత దూరం. 2013లో అగ్నిప్రమాదం తర్వాత ఆ గని మూతబడింది.

ఒక శనివారం పొద్దున నేను స్పిట్‌ఫైర్ కింద పడుకుని సైలెన్సర్ క్లాంపు విప్పుతున్నాను. ఎవరో నా కాళ్లు రెండూ పట్టుకుని బయటికి లాగారు. నడుము గీరుకుపోయింది. చూస్తే బాపు.

“దీన్ని ఏం పట్టుకున్నదిరా?”

“జాకీ, బాపూ.”

“అది లేపేది. పట్టుకునేదేది?”

నా దగ్గర జవాబు లేదు. రెండు స్టాండ్లు గ్యారేజీ మూలనే ఉన్నాయి, మన మిత్రుడి ప్రాప్ లాగే. బాపు ఇంకేమీ అనలేదు. సుద్దముక్క తెమ్మన్నాడు. జాకీ పక్క గోడమీద కారు అంచు ఎత్తుకు సరిగ్గా గీత గీశాడు. “దీన్ని ఇట్లనే ఉండనియ్యి” అన్నాడు. మర్నాడు పొద్దున చూస్తే కారు అంచు గీతకు రెండు వేళ్లు కిందికి వచ్చింది. ఎవరూ ముట్టుకోలేదు. కొత్త జాకీ అది, కొని ఏడాది కాలేదు.

ఆ ఆదివారం తండ్రీకొడుకులం చేసిన పని దాదాపు ఉన్నదున్నట్టు చెబుతాను. మీ పిల్లల్లో మెకానిక్కులున్నారు, ట్రాక్టర్లున్నవాళ్లున్నారు, ఇంటి ముందు కారు కిందికి దూరేవాళ్లున్నారు.

బాపు మొదట నేల చూశాడు. మా ఇంటి ముందు జాగా వీధి వైపు కొంచెం వాలు. గిన్నెలో నీళ్లు పెట్టి వాలు ఎటో నాకు చూపించాడు. కారును చదునైన కాంక్రీటు నేల ఉన్న గ్యారేజీలోకి నెట్టించాడు. తారు రోడ్డు ఎండకు మెత్తబడి స్టాండు కాళ్లు దిగబడతాయి, మట్టి సంగతి చెప్పనే అక్కర్లేదు. వేరే దారి లేకపోతే కింద మందపాటి పలక వేయాలి.

తర్వాత చక్రాలకు అడ్డు. నేను హ్యాండ్‌బ్రేకు లాగి, గేరు వేసి, సరిపోతుందనుకున్నాను. ఇక్కడ నా చదువు కాస్త పనికొచ్చింది, ఆలస్యంగా. ఈ కారుకు హ్యాండ్‌బ్రేకు పట్టేది వెనక చక్రాలనే. ఇంజను తిప్పేదీ వాటినే. వెనక భాగం లేపగానే ఆ రెండూ గాలిలో ఉంటాయి. నేలమీద మిగిలిన ముందు చక్రాలను పట్టేది ఏదీ లేదు. వెనక ఒక్క పక్కే లేపినా గేరును నమ్మలేం. డిఫరెన్షియల్ ఉంది కనుక గాలిలో ఉన్న చక్రం తిరుగుతూ నేలమీది చక్రాన్ని వదిలేస్తుంది. ఘాట్ మీద ఆగిన లారీ కింద క్లీనర్ రాయి ఎందుకు వేస్తాడో మనకు తెలుసు. అదే రాయి ఇక్కడా కావాలి. నేలమీద ఉండే చక్రాలకు, ముందూ వెనకా రెండు వైపులా.

జాకీ లేపేటప్పుడు దాని చేయి నిటారుగా పైకి పోదు, వంపుగా పోతుంది. కాబట్టి జాకీ చక్రాలు నేలమీద దొర్లాలి. కింద చిన్న రాయి అడ్డుపడితే జాకీ కదలదు, కారు కదులుతుంది. అందుకే బాపు లేపే ముందు చీపురు పట్టుకున్నాడు. నాకు నవ్వొచ్చింది కానీ నవ్వలేదు.

స్టాండు ఎక్కడ పెట్టాలన్నది బండిని బట్టి ఉంటుంది. స్పిట్‌ఫైర్‌కు కింద వెన్నెముకలాంటి చాసిస్ ఉంది. దాని మందపు పట్టీల కిందనే పెట్టాలి. తలుపుల కింది గుమ్మం లాంటి భాగం చూడ్డానికి గట్టిగానే ఉంటుంది కానీ పాత కార్లలో తుప్పు మొదట పట్టేది దానికే. రంగు కింద ఇనుము ఉందో లేదో తెలియదు. బాపు తన పద్ధతిలో స్క్రూడ్రైవర్ పిడితో కొట్టుకుంటూ పోయాడు. గట్టి ఇనుము కంగుమంది. ఒక చోట మాత్రం అట్టపెట్టె మీద కొట్టినట్టు పలికింది. “డొల్ల” అన్నాడు. బాయిలో పైకప్పును కర్రతో కొట్టి వినడం అది. ఆ డొల్లచోటు నాకు తర్వాత 400 పౌండ్ల వెల్డింగ్ ఖర్చు తెచ్చింది.

దిమ్మెకూ కప్పుకూ మధ్య ఒక చెక్క బిగించడం బాయిలో ఆనవాయితీ. దాన్ని లిడ్ అంటారు. స్టాండు మీదా అట్లాంటిది కావాలని బాపు పట్టు. మందపు చెక్క పెడితే జారిపోతుందని, చీలుతుందని నేను. చివరికి పల్చటి గట్టి రబ్బరు ముక్కతో రాజీ పడ్డాం. ఇనుము మీద ఇనుము జారుతుంది కనుక ఆయన మాటలోనూ న్యాయం ఉంది.

రెండు స్టాండ్ల మీద కారు కూర్చున్నాక నేను కిందికి దూరబోయాను. బాపు ఆపి, తుంటితో కారును రెండు వైపులా గట్టిగా నెట్టాడు. పడితే మనం బయట ఉన్నప్పుడే పడాలని. మన కారు బరువు దాదాపు 800 కిలోలు, స్టాండ్ల మీద మూడు టన్నులని రాసి ఉంది. బరువుకు స్టాండు విరగడం అరుదు. మనం కింద పానాతో గుంజినప్పుడు కారు పక్కకు జరగడమే అసలు భయం. అన్నట్టు ఆ రాసిన అంకె ఒక్క స్టాండుకా, జతకా అన్నది కూడా చదవండి.

స్టాండ్లు పెట్టాక కూడా బాపుకు తృప్తి కలగలేదు. ఆ మధ్యాహ్నం పాత రైలు స్లీపరు ముక్కలు కొనుక్కొచ్చి, సమానంగా కోసి, చాసిస్ కింద నాలుగు వరసల చాక్ పేర్చాడు. మూలలు ఒకదాని మీద ఒకటి సరిగ్గా వచ్చేలా, ఎత్తు వెడల్పును మించకుండా. పైన వేలెడు సందు వదిలాడు. మామూలుగా దానిమీద బరువు పడదు. స్టాండు పోతే కారు వేలెడు దిగి ఆగుతుంది, మనిషి బతుకుతాడు. నేను సిమెంటు ఇటుకలు పెడదామన్నాను, అవి ఇంట్లోనే ఉన్నాయి. బాపు నావైపు చూసిన చూపు నాకింకా గుర్తే. “ఇటుక చెప్పకుండ పోతది. కట్టె ముందు మూలుగుతది” అన్నాడు. బోలు ఇటుక పగుళ్లు కనబడకుండానే ఒక్కసారి ముక్కలవుతుంది. కట్టె నలుగుతుంది, చప్పుడు చేస్తుంది, పారిపోవడానికి టైమిస్తుంది. ఈ తేడా మీద మేం కాలేజీలో ఒక సెమిస్టరు చదివాం, పెళుసు పదార్థాలు, సాగే పదార్థాలు అని. బాపు ఒక్క మాటలో ముగించాడు.

ఆ రెండో ఆసరా అతిజాగ్రత్తని అప్పుడు అనుకున్నాను. 2020లో అమెరికాలో హార్బర్ ఫ్రైట్ సంస్థ తాను అమ్మిన స్టాండ్లను దాదాపు 17 లక్షల దాకా వెనక్కి పిలిచింది. పళ్లలో ఇరుక్కుని బరువు ఆపవలసిన కొక్కెం కొన్నింటిలో జారిపోతోంది. వాటికి బదులుగా ఇచ్చిన కొన్ని స్టాండ్లలో వెల్డింగ్ లోపం బయటపడి వాటినీ వెనక్కి పిలిచారు. చాక్ లేకపోయినా, విప్పిన చక్రాన్ని చాసిస్ కిందికి పడుకోబెట్టి తోసినా కొంత నయం. ఖర్చు లేదు.

దించడం గురించి కూడా చెప్పాలి. స్పిట్‌ఫైర్‌ను లేపితే వెనక చక్రాలు, కోడిని రెక్కలు పట్టి ఎత్తితే కాళ్లు వేలాడినట్టు, లోపలికి ముడుచుకుంటాయి. దించేటప్పుడు అవి నేలను తాకి పక్కలకు జరుగుతూ విచ్చుకుంటాయి, కారు మొత్తం కుదుపుతుంది. సరిగ్గా ఆ క్షణంలోనే కింద మర్చిపోయిన పానా కోసం మనం చేయి పెడతాం. బాయిలో బొగ్గు తీశాక దిమ్మెలను వెనక్కి లాగేటప్పుడు, వాటిని చేత్తో ముట్టకుండా దూరం నుంచి గొలుసుతో లాగే సిల్వెస్టర్ అనే పరికరం ఉండేదని బాపు చెప్పాడు. “పెట్టుడు కంటే తీసుడు కాడనే ఎక్కువ మంది పోయిండ్రు” అన్నాడు. వాళ్ల పేర్లు కూడా చెప్పాడు. కొందరి పిల్లలు మనతోనే చదువుకున్నారు.

బాపు పోయి ఆరేండ్లయింది. ఆ చాక్ ఇంకా మా గ్యారేజీలోనే ఉంది, స్లీపర్ల మీద సుద్దతో వేసిన నంబర్లతో సహా.

ఇక నా పక్క బెంచీవాడి కొడుకుకు జవాబు. బిడ్డా, మీ నాయిన పనిలో తప్పు చేయలేదు. పైపు గుర్తించింది సరైనదే, విప్పిన పద్ధతీ సరైనదే. లేపేదాన్నే పట్టుకునేది అనుకున్నాడు, నాలాగే. నా కాళ్లు పట్టుకుని లాగడానికి ఆ రోజు బాపు ఇంట్లో ఉన్నాడు. అంతే తేడా.

రేపు పొద్దున పది గంటలకు మన పాఠశాల వెనక మైదానంలోకి ఒక టిప్పర్ వస్తుంది. దాని బాడీ లేపి, ఆ అబ్బాయే ప్రాప్ నిలబెట్టి, పిన్ను వేసి చూపిస్తాడు. తర్వాత నేను ఒక కారుకు స్టాండ్లు పెడతాను, చాక్ పేరుస్తాను. దుంగలు పెద్దపల్లి నుంచి తెప్పించాం. డ్రైవర్లను, మెకానిక్కులను, ట్రాక్టరున్న బావమరుదులను అందరినీ తీసుకురండి. దుంగలు మోయాల్సి ఉంటుంది, చెప్పులేసుకుని రావద్దు.